రెండు వెబ్‌సైట్లు, ఒక రొయ్యల వంతు

సూళ్లూరుపేటలో అలలు లేవు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే అక్కణ్ణుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు మీద ‘అలలవిందు’ అని ఒక ఫ్యామిలీ రెస్టారెంట్ ఉంది. దాని వెబ్‌సైట్ తెరిచారంటే మేడంత అల ఒకటి లేచి తెర నిండా విరిగి పడుతుంది. వెనకాల నీలం నీళ్లు, వాటి మీద ఒంటరి తెరచాప పడవ. నేను వెళ్లి చూసి వచ్చాను. ఆ హోటల్ వెనక ఉన్నది పులికాట్ సరస్సు. చాలాచోట్ల మనిషి దిగి నడిచిపోయేంత లోతే. గాలి గట్టిగా వీస్తే నీళ్లు కాస్త ముడత పడతాయి, అంతే.

నాది భీమవరం. హోటళ్లకూ స్వీటు షాపులకూ ఫంక్షన్ హాళ్లకూ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఇలాంటి అలలు నేనూ బోలెడు అమ్మాను కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వాను.

ఈ ప్రయాణం నేను అనుకున్నది కాదు. మా కింది వాటాలో కరుణ అనే నర్సు అద్దెకు ఉంటుంది. ఆమె పెద్దమ్మ రూతమ్మ పద్దెనిమిదేళ్లుగా సరిగ్గా ఆ అలలవిందుకు ఎదురుగానే ఒక చిన్న మెస్ నడుపుతోంది. రెండేళ్ల కిందట ఎదుటివాళ్లు మేడ కట్టి వెబ్‌సైట్ పెట్టారు. అప్పట్నుంచి రూతమ్మ బేరం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పూటకు పాతిక విస్తళ్లు లేస్తే గొప్ప. నాయుడుపేటలో ఒక కంపెనీ క్యాంటీన్ కాంట్రాక్టరు ఆమెను వంటకు రమ్మన్నాడట. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడట. ఆమె సరేననేలా ఉంది.

“ఆ మెస్సు మూసేస్తే మా పెద్దమ్మ మనిషి కాదక్కా. ఒక్కసారి వెళ్లి ఏదన్నా చెయ్యి” అని కరుణ నా చేతిలో రైలు టికెట్ పెట్టేసింది. ఫీజు ఏమిటని అడిగితే నాలుగు రోజులు భోజనం అంది. నేను తిండిపోతునని మా వీధి మొత్తానికీ తెలుసు.

నాయుడుపేట: కారం దోశ, ఆవిరి పాత్రలు

రైల్లో కూర్చుని రెండు హోటళ్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. అలలవిందు వెబ్‌సైట్‌లో నూట పన్నెండు వంటకాలు ఉన్నాయి. ‘మా చెఫ్’ అన్నచోట పొడుగు తెల్లటోపీ పెట్టుకున్న విదేశీయుడొకడు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. అదే మనిషిని నేను తణుకులో ఒక బిర్యానీ హోటల్‌కూ పెట్టాను, కాబట్టి మాకు పాత పరిచయం. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: ‘ప్రతిరోజూ తాజా పులికాట్ రొయ్యలు.’ దాని కింద మెచ్చుకోళ్లు వందల్లో ఉన్నాయి.

రూతమ్మ మెస్‌కు వెబ్‌సైట్ లేదు. మ్యాప్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఒక చుక్క పెట్టి, చేతులు కడుక్కునే కుళాయిని ఫొటో తీసి పెట్టాడు. ఉన్న అభిప్రాయాలు మూడు. ఒకటి, ‘పులుసు అమృతం.’ రెండు, ‘ఆదివారం మధ్యాహ్నం దాకా తెరవరు.’ మూడు, ‘పులుసు బాగుంది. కుర్చీ విరిగింది.’ మార్కెటింగ్ పరీక్షగా చూస్తే ఎదుటివాళ్లకు తొంభై మార్కులు, ఈమెకు సున్నా.

నాయుడుపేటలో దిగి ముందు టిఫిను తిన్నాను. హైవే ఊరు కదా, ఒక్కో హోటల్ ముందు ఒక్కో మనిషి నిలబడి కార్లను చేతులూపి పిలుస్తున్నాడు. అది కూడా మార్కెటింగే, నెలనెలా వెబ్‌సైట్ ఖర్చు లేకుండా. నేను ఎవరూ పిలవని చోటికి వెళ్లి కారం దోశ అడిగాను. అరవై రూపాయలు. మా వైపు దోశ మీద కారప్పొడి చల్లి అదే కారం దోశ అనుకోమంటారు. ఇక్కడ ఎర్రటి తడి కారాన్ని అట్టు అంచులదాకా పూసి, పైన నెయ్యి ఒలకబోసి ఇచ్చారు. మొదటి ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఏమండీ, కాస్త మంచినీళ్లండీ” అంటే బల్లల దగ్గరి పెద్దాయన నవ్వి, గోదావరి జిల్లానా అని అడిగాడు. నోరు తెరిచి రెండు ‘అండీ’లు అన్నానంతే, ఊరు తెలిసిపోయింది.

తర్వాత కరుణ చెప్పిన క్యాంటీన్‌కు వెళ్లాను. కాంట్రాక్టరు దుర్మార్గుడై ఉంటాడని ముందే అనుకుని వెళ్లాను గానీ, నిజం చెప్పాలంటే మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి వంటశాల తిప్పి చూపించాడు. గోడ పొడుగునా ఆవిరి పాత్రలు. ఒకదాంట్లో సాంబారు, ఒకదాంట్లో అన్నం, ఒక్కోటి మనిషి దిగి స్నానం చేసేంత ఉంది. నెలజీతం, ఉండడానికి గది, సెలవులు అన్నీ ఉన్నాయన్నాడు. చేపలు వండుతారా అని అడిగాను. ముళ్లతో గొడవ, షిఫ్టు వాళ్లకు టైముండదు, వారంలో ఒకరోజు కోడి పెడతామన్నాడు. ఆమె చేతి పులుసు తానూ తిన్నాడట. “ఆయమ్మ వస్తే మా అదృష్టం మేడం. సోమవారం ఫోన్ చేస్తానని చెప్పండి” అన్నాడు. చేపల పులుసు తిని మెచ్చుకున్న మనిషే ఆమెను చేపలు లేని చోటికి పిలుస్తున్నాడు. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. దిగులు మాత్రం వచ్చింది.

సూళ్లూరుపేట: కుర్చీ సంగతి

రూతమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నన్ను చూడగానే ఆమె అడిగింది ప్రయాణం గురించి కాదు. భీమవరంలో కరుణ సరిగ్గా తింటోందా లేదా అని. తింటోందన్నాను. అయితే నువ్వు కూర్చో అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నాకు విస్తరి వేసింది. మెస్‌లో ఎనిమిది బల్లలు, గోడకు బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, తలుపు పక్కన నల్లబల్ల. పొద్దున పదింటికి సరుకు వచ్చాక ఆ బల్ల మీద సుద్దముక్కతో ఆ రోజు ఉన్నవి రాస్తుంది. ఆ రోజు నాలుగే ఉన్నాయి. భోజనం తొంభై. మడవ చేపల పులుసు నలభై అదనం. పీతల కూర నూట యాభై. రొయ్యల వేపుడు రెండొందల ఇరవై.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. భీమవరం వాళ్లకు రొయ్యల విషయంలో పొగరు ఎక్కువ. చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి దేశానికి రొయ్య తినడం మేమే నేర్పామనుకుంటాం. రూతమ్మ వేపుడు నోట్లో పెట్టుకున్నాక ఆ పొగరు దిగింది. ఈ రొయ్య చిన్నది, బిగువుగా ఉంది, నమిలితే తీపి ఊరుతోంది. మా చెరువుల్లో మేత వేసి పెంచినదానికి ఆ తీపి రాదు. పులుసులో మామిడికాయ ముక్కలు ఉన్నాయి. మా అమ్మ చూస్తే చేపల పులుసులో మామిడికాయ ఏమిటే అని మూతి తిప్పేది. తింటే మాట్లాడేది కాదు. అది ముందురోజు వండిన పులుసనీ, ఆ రోజు వండినది రేపటికనీ రూతమ్మ చెప్పింది. అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

తిన్నాక ఫొటోల పని మొదలుపెట్టాను. పైనుంచి విస్తరిని తీద్దామని కుర్చీ ఎక్కాను. ఎనిమిది బల్లలకు ముప్పై రెండు కుర్చీలుంటే, నేను ఎక్కినది సరిగ్గా ఆ మూడో అభిప్రాయంలోని కుర్చీ. పక్కకు ఒరిగి, బల్ల పట్టుకుని, మజ్జిగ గ్లాసును నా చీర మీద బోర్లించుకుని దిగాను. రూతమ్మ నవ్వలేదు. ఆ కుర్చీ గోడవారగా వేసుకుని కూర్చోవాలి, లేకపోతే అంతే అని నెమ్మదిగా చెప్పింది. వచ్చేవాళ్లందరికీ తెలుసట. ఈ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులు ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆ మాట నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

కాంట్రాక్టరు సోమవారం ఫోన్ చేస్తానన్న సంగతి చెప్పాను. ఆమె బల్ల తుడుస్తూనే, “పోవాల్సిందేనమ్మా. ఈ పొయ్యి దగ్గర పద్దెనిమిదేళ్లు నా మాటే చెల్లింది. ఇంక చాలులే” అంది. చాలులే అన్న మనిషి ఆ బల్లనే మళ్లీ ఒకసారి తుడిచింది.

ఎదురింటి రొయ్య

సాయంత్రం చీర మార్చుకుని, రోడ్డు దాటి అలలవిందుకు వెళ్లాను. ఇది నా వృత్తిలో గూఢచారి పని. అద్దాల తలుపులు, లోపల చల్లగా ఏసీ, గోడ మీద ఎర్రకాళ్ల ఫ్లెమింగోల పెద్ద బొమ్మ. యజమాని చెంగయ్య గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. యాభై దాటినవాడు, సరస్సు పక్క పల్లెలో చేపల వేట చేసే కుటుంబం నుంచి వచ్చినవాడని తర్వాత తెలిసింది. మెనూ పుస్తకం మా ఫంక్షన్ హాళ్ల ఆల్బమంత ఉంది. ‘పులికాట్ రొయ్యల వేపుడు, మూడొందల ఎనభై’ తెప్పించుకున్నాను.

మసాలా బాగుంది. అలంకరణ బాగుంది. రొయ్య మాత్రం మా ఊరిది.

మా ఊరిది అంటే మా ఊరి నుంచే వచ్చిందని కాదు. చెరువు రొయ్య అని. పెద్దదిగా, మెత్తగా, ఏ మసాలా వేస్తే ఆ మసాలా రుచికి వచ్చేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్న రొయ్యను నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? ‘ప్రతిరోజూ తాజా పులికాట్ రొయ్యలు’ అని రాసుకుని చెరువు సరుకు పెడుతున్నారన్నమాట! నాకు కోపం రావాలి. వచ్చింది సంతోషం. ఎదుటివాడి బండారం చేతికి దొరికినప్పుడు నాలాంటివాళ్లకు వచ్చే సంతోషం.

నేను దిగిన లాడ్జి గదికి వెళ్లగానే రూతమ్మ మెస్‌కు ఒక పేజీ తయారుచేశాను. అలలు లేవు, తెల్లటోపీ లేదు. నల్లబల్ల ఫొటో, పులుసు ఫొటో, రొయ్యల ఫొటో. పైన ఈ వాక్యం: ‘మా దగ్గర చెరువు రొయ్యలు ఉండవు. ప్రతిరోజూ సరస్సు రొయ్యలే.’ ఎదురు హోటల్ వాక్యాన్నే తీసుకుని దానికి ముల్లు కట్టాను. మర్నాడు శనివారం, మధ్యాహ్నం మూడు తర్వాత రాకెట్ వదులుతారని ఊరంతా చెప్పుకుంటోంది. రాకెట్ చూడ్డానికి నెల్లూరు నుంచీ చెన్నై నుంచీ కార్లలో జనం వస్తారు. వాళ్ల ఫోన్లలో కనపడేలా పేజీని మ్యాప్‌లోని మెస్ చుక్కకు తగిలించి, రాకెట్ చూసేవాళ్ల గ్రూపుల్లో పెట్టేశాను. రూతమ్మకు ఫోన్ చేసి, పేజీ పెట్టాను, రేపు జనం వస్తారు, రొయ్యలు బాగా పొగిడాను అని చెప్పాను. ఆమె, రానీలేమ్మా, దేవుడి దయ అంది. ఏం పొగిడానో ఆమె అడగలేదు, నేను చదివి వినిపించలేదు.

రాకెట్ రోజు

జనం వచ్చారు. పదకొండున్నరకే ఎనిమిది బల్లలూ నిండి, బయట చెట్టు నీడన కార్లు ఆగాయి. నేను తలుపు దగ్గర నిలబడి నాయుడుపేట హోటల్ మనుషుల్లాగా చేతులూపకుండా ఆపుకోవడానికి కష్టపడ్డాను. చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబంలోని పెద్దావిడ ఫోన్‌లో నా పేజీ చూపించి, సగం తమిళం సగం తెలుగులో ఆరు ప్లేట్లు రొయ్యలు అడిగింది. అప్పుడు నేను నల్లబల్ల వైపు చూశాను. భోజనం. మడవ పులుసు. పీతల కూర. అంతే. రొయ్యలు లేవు.

వంటింట్లోకి పరిగెత్తాను. రూతమ్మ పులుసు గరిటె పట్టుకుని, ఇందులో అడగడానికేముంది అన్నట్టు నన్ను చూసింది. “ఈ రోజు మా వంతు కాదు గదమ్మా” అంది.

ఆ నిమిషంలో, ఆ పొగలో, ఆమె చెప్పిన ముక్కలు కలిపి చూసుకుంటే తేలింది ఇది. సరస్సులో రొయ్య బాగా పడే తావు ఒకటే ఉంది. దాని గట్టున పల్లెలు రెండు. ఒకరోజు ఈ పల్లెవాళ్లు అక్కడ వలలు కడతారు, మర్నాడు ఆ పల్లెవాళ్లు. తాతల నాటి నుంచీ అంతే. కాగితం మీద ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పరు. వంతు లేని రోజు వేరేచోట వల వేసి చేపో పీతో తెచ్చుకుంటారు. రూతమ్మకు సరుకు ఇచ్చేది ఒక పల్లె, చెంగయ్యది రెండో పల్లె. నిన్న ఈమె వంతు, ఈ రోజు ఆయన వంతు.

నాకు చెప్పలేదేమని అడిగాను. అందరికీ తెలిసిందే గదా అంది. కుర్చీ సంగతిలాగే.

నాయుడుపేట మార్కెట్‌కు ఆటో పంపి చెరువు రొయ్యలు తెప్పిద్దామన్నాను. సిగ్గులేకుండా అన్నాను. రాత్రి నేను ఎవరి మీద ఏం రాశానో గుర్తుండి కూడా అన్నాను. రూతమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. చెన్నై పెద్దావిడ దగ్గర నిలబడి, “రొయ్యలు ఈ పొద్దు ఎదర అంగట్లో ఉండాయి. సరస్సువే, మంచివి. ఆడికి పోయి తినండి. పులుసు కావాలంటే మళ్లీ నా కాడికి రాండి” అంది. తర్వాతి బల్ల దగ్గరా అదే మాట, ఆ తర్వాతి బల్ల దగ్గరా అదే. అరగంటలో సగం మెస్ లేచి రోడ్డు దాటింది. నేను పిలిచి తెచ్చిన జనాన్ని ఆమె తన చేతులతో ఎదురింటికి పంపింది. ఒకతను వెళ్తూ వెళ్తూ ఫోన్‌లో ఏదో టకటకా కొట్టాడు. సాయంత్రం చూస్తే మెస్‌కు నాలుగో అభిప్రాయం వచ్చి ఉంది: ‘అంతా అబద్ధం. రొయ్యలు లేవు.’ పద్దెనిమిదేళ్లలో ఆమెను అబద్ధాలకోరు అన్న మొదటి మాట అది. తెచ్చిపెట్టింది నేను.

మూడు దాటాక రాకెట్ లేచింది. రోడ్డు మీద అందరూ తలలెత్తారు. ముందు వెలుగు, కాసేపటికి చప్పుడు, ఆ చప్పుడుకు మెస్‌లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. జనం చప్పట్లు కొట్టారు. రూతమ్మ బయటికి రాలేదు. గ్లాసులు కింద పడకుండా రెండు చేతులూ చాచి బల్ల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చుని క్షమించమన్నాను. ఏడుపొచ్చింది కూడా. ఆమె, “నువ్వు మాత్రం ఏం చేస్తావులే, నీకు తెలవదు గదా” అంది. తిట్టినా బాగుండేది. గదికి వెళ్లి ఆ వాక్యం తీసేశాను.

ఆదివారం

ఆదివారం రూతమ్మ చర్చికి వెళ్లి ఒంటిగంటకు మెస్ తెరిచింది. ఆ రోజు ఆమె వంతు. రొయ్యలు వచ్చాయి, బుట్టలో ఇంకా కదులుతున్నాయి. జనమే లేరు. రాకెట్ జనం నిన్ననే వెళ్లిపోయారు. ఉన్న కొద్దిమంది కార్లూ అద్దాల తలుపుల ముందే ఆగాయి. నేను కుళాయి ఫొటో స్థానంలో వేరే ఫొటో పెట్టే పనిలో పడి తల ఎత్తడం లేదు. ఎత్తితే రూతమ్మ మొహం చూడాలి.

రెండింటి వేళ ఇద్దరు మొగుడూపెళ్లాలు రోడ్డు దాటి వచ్చారు. రాకెట్ కేంద్రంలో పనిచేసేవాళ్లట. ఎదురు హోటల్ ఆయన పంపాడని చెప్పి రొయ్యలు అడిగారు. వాళ్ల వెనకే ఇంకో నలుగురు. వాళ్ల వెనక ఒక పెద్ద కుటుంబం. రూతమ్మ పొయ్యి మీద రెండో మూకుడు ఎక్కించింది. నేను ఫోన్ పక్కన పడేసి విస్తళ్లు వేశాను. నా వడ్డన చూసి ఆమె ఒక్కసారి మాత్రం, పప్పు అట్టా గుట్టగా వెయ్యబాకమ్మా అంది.

సందడి సర్దుకున్నాక చెంగయ్య స్వయంగా వచ్చాడు. గోడవారగా ఉన్న ఆ కుర్చీ లాక్కుని, దాన్ని గోడకు ఆనించి మరీ కూర్చున్నాడు. ఆ తీరు చూస్తే చాలు, ఒకప్పుడు ఈ మెస్‌లో ఆయన రోజూ కూర్చున్న మనిషని అర్థమైపోతుంది. రూతమ్మ అడగకుండానే ఆయన ముందు మజ్జిగ పెట్టింది. ఆ వాక్యం తీసేయకముందే ఆయన నా పేజీ చదివాడట.

“మీరు రాసింది నిజమే మేడం. నిన్న కాదు గానీ, మొన్న నిజం” అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మేడ కట్టకముందు తనదీ చిన్న హోటలే, ఇద్దరిదీ ఒకటే పద్ధతి. తన వంతు లేనినాడు వచ్చినవాళ్లను అక్క దగ్గరికి పంపేవాడు, అక్క వంతు లేనినాడు ఆమె ఇటు పంపేది. వెబ్‌సైట్ చేసిన చెన్నై కంపెనీ వాళ్లు ‘ప్రతిరోజూ’ అని పెట్టారు. పెట్టేటప్పుడు తనూ అంతగా పట్టించుకోలేదు. ఆ తర్వాత జనం ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి, ఇదిగో ఇక్కడ రాసుంది కదా అని అడగడం మొదలుపెట్టారు. “రాసింది చూపించి అడగతా ఉంటే లేదని చెప్పేదానికి నాకు నోరు రాలా. ఆ ఒక్క మాట కోసం చెరువు సరుకు తెప్పించినా. తెప్పించినాక ఇంక అక్క కాడికి ఎవుర్ని పంపేది? రెండేళ్లు అట్టే నడిచిపోయింది. నిన్న అక్క నా కాడికి జనాన్ని పంపింది. రెండేళ్లుగా పంపతానే ఉండాదంట. మా వోళ్లు ఇప్పుడు చెప్పినారు” అన్నాడు. ఆ మాటంటూ ఆయన రూతమ్మ వైపు చూడలేకపోయాడు. మజ్జిగ గ్లాసులోకి చూశాడు.

రూతమ్మ వంటింట్లోకి వెళ్లింది. పులుసు గిన్నె తెచ్చి, తిని పో చెంగయ్యా అంది.

ఆ సాయంత్రమే ఇద్దరి పేజీలూ కూర్చుని మార్చాం. రెండింటి మీదా మొదట ఒకే వాక్యం: ‘ఈ రోజు సరస్సు రొయ్యల వంతు’, దాని కింద ఆ రోజు ఎవరిదైతే వాళ్ల హోటల్ పేరు, రోడ్డు దాటే దారి. చెంగయ్య చెన్నై కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి నిర్ఘాంతపోయింది. పోటీ హోటల్ పేరు మన పేజీలో మొదటే పెట్టడం ఎక్కడా లేదు సార్, అది మార్కెటింగ్‌కు విరుద్ధం అంది. ఆయన స్పీకర్ పెట్టి నా వైపు చూశాడు, మీరు చెప్పండి అన్నట్టు. పదకొండేళ్లుగా ఆ అమ్మాయి చెప్పిన మాటే నేనూ చెబుతూ వచ్చాను. పెట్టెయ్యమ్మా, తప్పయితే నాదే అన్నాను. అల మాత్రం తీయనివ్వలేదాయన. అది బాగుంటుందట, పిల్లలకు ఇష్టమట.

సోమవారం

నా రైలు మధ్యాహ్నం. పొద్దున పదింటికి బుట్టలు వచ్చాయి. మడవలు, పీతలు, ఏవో చిన్న చేపలు. రొయ్యలు లేవు. రూతమ్మ సుద్దముక్కతో బల్ల మీద ఉన్నవి రాసి, కింద ఇంకో వరస కూడా రాసింది: ‘రొయ్యలు ఎదర అంగట్లో.’ వెబ్‌సైట్‌ను నేను ఫోన్‌లో మార్చాను. ఇక మీద ఎలా మార్చాలో ఆమెకు రెండుసార్లు చూపించాను. మూడోసారి ఆమే నాకు చూపించింది.

ఒక్క వాక్యంతో బేరాలు పెరిగిపోతాయని చెప్పేంత వెర్రిదాన్ని కాను. పదకొండు దాకా వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. వాళ్లలో ముగ్గురు ‘అలలవిందు’ పేజీ చూసి అటు వెళ్లి, పులుసు ఇక్కడ బాగుంటుందని అక్కడే ఎవరో చెబితే వచ్చారు. అబద్ధమన్న ఆ నాలుగో అభిప్రాయం కింద నేను నా పేరుతో జరిగింది రాసి, తప్పు నాది, మెస్‌ది కాదు అని పెట్టాను. అదింకా అక్కడే ఉంది. ఉండనివ్వమని రూతమ్మే చెప్పింది.

పదకొండున్నరకు కాంట్రాక్టరు ఫోన్ వచ్చింది. ఆమె చేతికి మసాలా ఉంది కాబట్టి నేనే ఫోన్ ఎత్తి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. ఆయన మాటలు నాకూ వినిపిస్తున్నాయి. గదికి సున్నం వేయించానన్నాడు, ఈ రోజే వచ్చినా సరే అన్నాడు. రూతమ్మ పీతలు కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

“ఈ రోజు నా వంతు కాదు సార్” అంది. అవతల ఆయనకు అర్థం కాలేదు. వంతు లేకపోతే ఇంకా మంచిదే కదమ్మా, ఖాళీయే కదా, బయల్దేరి రండి అన్నాడు.

“ఖాళీ యాడిది సార్. రొయ్యలడిగి వచ్చినోళ్లకి ఎదర అంగడి చూపించేదానికి మనిషుండాల గదా. నేను రాలేను” అని, చాలన్నట్టు తల పక్కకు తిప్పుకుంది. ఫోన్ నేనే పెట్టేశాను.

రోడ్డు మీద అప్పుడే ఒక కారు ఆగింది. అందులోంచి దిగినాయన నల్లబల్ల చదివి, రొయ్యలు లేవా అని అడిగాడు. రూతమ్మ మసాలా చేత్తోనే రోడ్డు అవతలికి చూపించింది.